దుమ్ము రోజు, లీజు కాయితం

టెక్సాస్‌లో ఈ లబ్బక్ ఊళ్ళో మార్చి నెల ఎట్లుంటుందో ఇక్కడుండే వాళ్ళకి చెప్పక్కర్లేదు. పన్నెండు కాకముందే ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగినయ్, డస్ట్ స్టార్మ్ వార్నింగ్, రోడ్డు మీదుంటే పక్కకి ఆపి లైట్లు ఆర్పేయండి అని. లైట్లు ఎందుకు ఆర్పాలో మొదట్లో నాకు తెలిసేది కాదు, వెనకొచ్చేవాడు మన టెయిల్ లైట్లు చూసి రోడ్డు అటే ఉందనుకుని వచ్చి గుద్దేస్తాడంట. వర్క్ ఫ్రం హోమ్ కాబట్టి బతికిపోయా. ఒంటిగంటకి ఆకాశం మొత్తం ఇటికరాయి రంగుకి తిరిగింది, వీధి లైట్లు వాటంతటవే వెలిగినయ్, తలుపు సందుల్లో తడి టవళ్ళు కుక్కినా సరే కిచెన్ గట్టు మీద వేలు పెడితే గీత పడుతోంది. మా ఆయన పప్పన్నం రెండు ముద్దలు తిని "ఇవాళ పోపులో ఇసుక కూడా వేశావా" అన్నాడు. గుంటూరు జిల్లాలో కాలవ కింద పుట్టినోడు, దుమ్మంటే ఆయనకి జోకే.

నాకు కొత్తేం కాదు. మాది అనంతపురం జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు అనుకునే ఊరు, ఆషాఢం గాలికి గుడిసెల పైకప్పులు లేచిపోయే ఊరు. కణేకల్లు దిక్కు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు చేన్ల మీదికొస్తుంటాయి, చిన్నప్పుడు మా అత్తోళ్ళ ఊరికి పోతే చూసేదాన్ని. లబ్బక్‌లో వాన అంతకన్నా తక్కువ. పైగా మార్చిలో పత్తి చేన్లన్నీ ఖాళీ, మే దాకా విత్తనం పెట్టరు, గాలికి అడ్డమే ఉండదు. తెలివైన రైతులు కొందరు చలికాలంలో గోధుమో, గోధుమ లాంటి రై పైరో చల్లి నేలని కప్పి పెడతారు, మిగిలినోళ్ళు గాలి లేచినప్పుడు ట్రాక్టర్లేసుకుని పోయి నేలని గరుకుగా గెలికి వస్తారు, ఇసుక పరిగెత్తకుండా.

ఇంతలో మావాడి ప్రాజెక్టు. ఐదో క్లాసు, డస్ట్ బౌల్ మీద చార్ట్ చేసుకురమ్మన్నారు, 1930ల్లో ఈ మైదానాల్లో కరువూ దుమ్ము తుఫాన్లూ వచ్చినప్పుడు రైతు కుటుంబాలు ఎట్లా బతికారో అని. ఫోటోలు ప్రింట్ తీసిచ్చా. వాటిలో 1936లో ఓక్లహోమా సిమరాన్ కౌంటీలో ఆర్థర్ రోత్‌స్టీన్ తీసింది ఉంది కదా, తండ్రీ ఇద్దరు పిల్లలూ గాలికి ఎదురు పోతుంటారు, చిన్నోడు వెనకబడిపోయి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటాడు, కంచె గుంజలు ఇసకలో సగం కూరుకుపోయి ఉంటాయి. దాని కింద మావాడు పెద్దక్షరాలతో వీళ్ళు చాలా ధైర్యవంతులు అని రాశాడు. రాస్తే రాశాడు, చిన్నపిల్లాడు. కానీ నాకు చిరాకేసింది ఎందుకో. రైతు కష్టపడితే చాలు అందరూ ధైర్యం అంటారు, ఓపిక అంటారు, ఎంత అప్పుందో ఎవడూ అడగడు.

గాలి తగ్గాక నాలుగింటికి వాణ్ణి తీసుకుని పక్కింటి పెద్దావిడ దగ్గరికి పోయా. తొంభైకి దగ్గర్లో ఉంది. వాళ్ళమ్మానాన్నది టెక్సాస్ ఉత్తరం కొసలో డాల్‌హార్ట్ దగ్గర పల్లె, డస్ట్ బౌల్‌కి నడిబొడ్డు అది. ఈమె అప్పటికి చంటిపిల్ల, గుర్తున్నవేవీ ఈమెవి కావు, వాళ్ళమ్మ చెప్పినవే. కిటికీలకి తడి దుప్పట్లు కట్టడం, బల్ల మీద ప్లేట్లు గ్లాసులు బోర్లించి పెట్టి వడ్డించే క్షణంలో మాత్రం తిప్పడం, ఇవన్నీ మావాడి టెక్స్ట్‌బుక్‌లో ఉన్నయ్యే. లేనిది ఒకటి చెప్పింది. రొట్టెల పిండి పిసకడానికి వాళ్ళమ్మ బట్టల బీరువా సొరుగు లాగి అందులో పిండి పోసేదంట, పైన ఒక గుడ్డ కప్పి, ఆ గుడ్డకి రెండు చిల్లులు పెట్టి, చేతులు లోపలికి దూర్చి చూడకుండానే పిసికేదంట. అంత చేసినా రొట్టె నమిలితే కరకరే. ఆవిడ ఇది చెప్తూ గాల్లో రెండు చేతులూ ముందుకు పెట్టి పిసికి చూపించింది, తొంభయ్యేళ్ళ చేతులు, వేళ్ళు వంకర్లు పోయినయ్, మావాడు రాసుకోవడం ఆపేసి అట్లానే చూస్తున్నాడు.

గాలిలో కరెంటు పుట్టేదంట, కార్లు ఆగిపోకుండా వెనకాల గొలుసు కట్టి నేల మీద ఈడ్చుకుంటూ పోయేవాళ్ళు, షాక్ కొడుతుందని కొన్నాళ్ళు చేతులు కలపడం కూడా మానేశారంట. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియాతో పిల్లలూ ముసలివాళ్ళూ పోయారు. మేత లేక ముళ్ళ కంపని ఆవులకి వేశారు. 1934లో గవర్నమెంటే పశువుల్ని కొన్నది, ఒక్కోదానికి 14 నుంచి 20 డాలర్లు, బక్కచిక్కి పనికిరావు అనుకున్నవాటిని కాల్చిపారేశారు. ఈ ఆవుల సంగతి దగ్గర ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

దీన్ని ఉత్త కరువని చెప్తే సగమే చెప్పినట్టు. ఆ నేల మొత్తం ఒకప్పుడు గడ్డి బీడు, ఆ గడ్డి వేళ్ళే మన్నుని పట్టుకుని ఉండేవి, ఎన్ని కరువులొచ్చినా. కొలరాడో వైపు గవర్నమెంటు 160 ఎకరాలు రాసిచ్చి దున్నుకోమంది, ఈ ఎండు నేలలో అవి చాలవని తెలిసి 1909లో 320 చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో గోధుమ బుషెల్ రెండు డాలర్లు దాటింది, బుషెల్ అంటే మన లెక్కలో 27 కిలోలు. ఇంకేముంది, ట్రాక్టరు, డిస్కు నాగలి, అప్పు, వరసగా వచ్చేసినయ్. 1931లో పంట విరగపండింది, పండినందుకే రేటు పడిపోయి 40 సెంట్ల కిందికి జారింది, కొన్నిచోట్ల 25 సెంట్లు. కిస్తీలు కట్టాలి కాబట్టి మిగిలిన బీడు కూడా దున్నారు. సరిగ్గా అప్పుడే వానలు మొహం చాటేసినయ్. మా జిల్లాలో కొర్రలు, సజ్జలు, జొన్నలు వేసే చేన్లన్నీ ఒక్క చెనిక్కాయకే మళ్ళినాయి కదా, చెనిక్కాయకి రేటుంది, బ్యాంకు లోన్ ఇస్తుంది, ఇన్సూరెన్స్ ఉంది, ఇంకోటి వేస్తే ఎవడడిగాడు. ఇక్కడ గోధుమ కథ కూడా అచ్చం అదే. రైతు మూర్ఖుడు కాబట్టి దున్నాడు అనేవాళ్ళకి ఆ ఏడు కిస్తీ కట్టిచూడమని చెప్పాలి.

1935 ఏప్రిల్ 14, ఆదివారం, పొద్దున ఎండ బాగా కాసిందంట, జనం చర్చికి పోయొచ్చి ఇల్లు దులుపుకుని బట్టలు ఆరేశారు, సాయంత్రానికి ఉత్తరం నుంచి నల్లటి గోడ వచ్చి మీద పడింది, చెయ్యి చాస్తే చెయ్యి కనపడలేదు. మార్చిలో ఉతికిన బట్టలు బయట ఆరేసిన ఆడవాళ్ళెవరికైనా ఆ సాయంత్రం సంగతి అర్థమవుద్ది. అదే నెలాఖర్లో మట్టిని కాపాడే చట్టం వచ్చింది, హ్యూ బెన్నెట్ అనే ఆయన దాని వెనకాల పడి సాధించాడు. వాలుకి అడ్డంగా దున్నడం, బోదెలు తోలడం, చెట్ల వరసలు పెట్టడం, చేసినందుకు రైతులకి కొంత డబ్బు కూడా ఇచ్చారు. అసలు వాన మాత్రం 1939 చివర్లో గానీ సరిగ్గా తిరిగి రాలేదు.

"మరి మీవాళ్ళు కాలిఫోర్నియా ఎందుకు పోలేదు?" అని మావాడు అడిగాడు. ఆవిడ నవ్వి "కారు టైర్లు అమ్మేసుకున్నారు నాన్నా, దేని మీద పోతారు" అంది. నిజానికి కాలిఫోర్నియా పోయిన జనంలో ఎక్కువమంది దుమ్ము దేశం వాళ్ళు కాదు, తూర్పు ఓక్లహోమా, ఆర్కన్సా వైపు పత్తి కౌలుదార్లు, భూమి వాళ్ళది కాదు కాబట్టి తరిమేస్తే లేచి పోవాల్సి వచ్చింది. సొంత నేలున్నవాళ్ళు ఎక్కువమంది కదల్లేదు. కొనేవాడు ఉంటే కదా అమ్మడానికి. ఉన్న ఒక్క కొనుగోలుదారు గవర్నమెంటు, పాడైపోయిన చేన్లని కొని మళ్ళీ గడ్డి వేయించింది, కాన్సాస్‌లో సిమరాన్ గ్రాస్‌ల్యాండ్ లక్ష ఎకరాల పైచిలుకు అట్లా వచ్చిందే. ఈవిడ చిన్నాన్న అమ్మేసి కొలరాడోలో ఏదో రైల్వే పనిలో చేరాడు, నాన్న అమ్మలేదు. తర్వాత వానలొచ్చినయ్, ఇంకో యుద్ధం వచ్చి రేట్లు పెరిగినయ్, ఆ తర్వాత బోర్లు వేసి ఒగల్లాలా అని ఈ మైదానాల కిందుండే భూగర్భ జలాన్ని తోడారు, నాన్న పచ్చగా ఉన్నాడు. ఇప్పుడు వాళ్ళన్న మనవళ్ళు అదే చేన్లో బోర్లు ఎండి సగం వదిలేశారు. చిన్నాన్న అమ్మిన నేల మాత్రం ఇవాళ్టికీ లేచి పోదంట, గడ్డి ఉంది కాబట్టి. ఎవరు తెలివైనవాళ్ళు అని అడగబోయి ఊరుకున్నా.

అడగబోయింది మా ఇంటి సంగతి మనసులో పెట్టుకునే. మా నాయనకి తొమ్మిదెకరాల ఎర్రనేల. సోలార్ కంపెనీ వాళ్ళు లీజుకి అడుగుతున్నారు, ఇరవై అయిదేళ్ళ పైన. బెంగళూరులో ఉండే తమ్ముడు ఇచ్చేద్దాం అంటాడు, ఏటా ఇంత అని అకౌంట్లో పడుతుంది, ఆకాశం వైపు చూసే పని తప్పుతుంది, వాడి మాటలో తప్పేం లేదు. "అక్కా నువ్వు చెప్తే వింటాడు" అని వారం నుంచి వాయిస్ మెసేజీలు.

రాత్రి తొమ్మిదికి నాయనకి ఫోన్ చేశా, అక్కడ పొద్దున ఏడున్నర.

"ఏమ్మా బాగుండావా, పిలగాడు బాగుండాడా? గాలేమన్నా తగ్గిందా ఆడ?"

"తగ్గింది నాయనా. తమ్ముడు చెప్తున్నాడు, లీజు సంగతి."

"ఆ, చెప్తాంటాడు."

"నువ్వేమనుకుంటాండావు?"

"నేనేమనుకునేదుంది. ఇత్తనం కాయలు కొట్టం గూట్లో ఉండాయి. జూన్‌లో పదునైతే ఏస్తా. కాకపోతే సూస్తాం."

"పోయినేడు కూడా ఇదే మాటన్నావు కదా."

"అన్నాలే. పోయినేడు కోసేటప్పుడు కురిసింది, అది వాన తప్పు గానీ నాది గాదు."

నవ్వొచ్చింది, ఇంకేం అనలేకపోయా. ఇవ్వమని చెప్పే ధైర్యం లేదు, వద్దని చెప్పేంత అమాయకత్వమూ లేదు. సాగు దుఃఖాన్ని ఓపిక అని పొగడ్డం ఎంత చిరాకో, డాలర్లు సంపాదించే కూతురు పదివేల మైళ్ళ నుంచి వదిలేసెయ్ అనడం కూడా అంతే చిరాకు. చివరికి ఒక్కటే అడిగా, తొమ్మిదీ ఇవ్వకుండా గుట్ట కింద రాళ్ళ మూడెకరాలు మాత్రం ఇస్తే తీసుకుంటారేమో కనుక్కో నాయనా అని. ఆలోచిస్తా అన్నాడు, మా నాయన ఆలోచిస్తా అంటే ఒక పట్టాన తేలదు.

పెట్టేసిన పది నిమిషాలకే తమ్ముడి మెసేజ్, "మూడెకరాలకి ఎవడొస్తాడక్కా, నువ్వు కూడా ఆయనకే వంత పాడినావు". రేపు పొద్దున ఫోన్ చేసి గొడవ పడతాడు, పడనీ. లీజు కాయితం మొత్తం ఫోటోలు తీసి పంపమన్నా, మధ్యలో కంపెనీ చేతులెత్తేస్తే ఆ రేకులూ సిమెంటు దిమ్మెలూ ఎవరు పీకుతారో అందులో రాశారో లేదో ముందు చూడాలి.