నేను నడుపుతున్నాననుకున్న తొమ్మిది రోజులు

కారు నేర్చుకోవడం మొదలుపెట్టిన ఎనిమిదో రోజుకి నాకు నడపడం వచ్చేసిందనే అనుకున్నాను. ఎదురుగా బండి వస్తే మన బండి తగ్గుతోంది, గుంత వస్తే తగ్గుతోంది, సిగ్నల్ దగ్గర ఒక్క కుదుపు కూడా లేకుండా ఆగుతోంది. ఇంట్లో అందరికీ "పెద్ద కష్టమేం కాదు, ఊరికే భయపడ్డాను" అని చెప్పాను కూడా. తొమ్మిదో రోజు క్లాసు మధ్యలో నీళ్ళ సీసా చేయి జారి పక్క సీటు కిందికి దొర్లితే, బండి ఆపి తీసుకోవడానికి అటు వైపు నుంచి వంగాను. అక్కడ ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్. ఉంటాయని తెలుసు, నేర్పే కార్లలో నేర్పేవాళ్ళ కోసం అది మామూలే. కానీ వాటి మీద రబ్బరు నా వైపు పెడళ్ళకంటే ఎక్కువ అరిగిపోయి ఉంది.

అక్కడ నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

దానికి ముందు ఏం జరిగిందో చెప్పాలి. మొదటి రోజు నాకు నేర్పే సార్ బండి స్టార్ట్ చెయ్యనివ్వలేదు, కూర్చోవడం నేర్పారు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి, వీపు సీటుకి ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగానికి తగలాలి, పక్క అద్దాల్లో మన బండి అంచు సన్నగా కనబడాలి, అంతకంటే ఎక్కువ కనబడితే మనల్ని మనం చూసుకోవడమే. ఇదంతా పదిహేను నిమిషాల్లో అయిపోయింది కానీ ఆ తర్వాత ఎవరి కారు ఎక్కినా ముందు ఈ పనే చేస్తున్నాను.

రెండో రోజు నుంచి క్లచ్. ఇది నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నాకు అర్థమైనట్టు చెప్తాను. మనం నిలబడి ఉన్నా ఇంజన్ నిలబడదు, అది నిమిషానికి ఏడెనిమిది వందల సార్లు తిరుగుతూనే ఉంటుంది. చక్రాలేమో కదలకుండా ఉంటాయి. తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ కలిపేది మధ్యలో ఉన్న క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే రెండూ విడిపోతాయి, ఠక్కున వదిలేస్తే తిరిగే ఇంజన్ మీద ఒక్కసారిగా మొత్తం కారు బరువు పడుతుంది, అది మొయ్యలేక ఆగిపోతుంది. బండి ఆఫ్ అవడం అంటే అదే. మెల్లగా వదిలితే ప్లేటు కాసేపు రాసుకుంటూ జారుతుంది, ఆలోగా చక్రాలు అందుకుంటాయి. దీన్నే హాఫ్ క్లచ్ అంటారు. ఆ మాట వందసార్లు విన్నాను, ఇది తెలిశాక గానీ నా కాలికి అర్థం కాలేదు.

సార్ చదునైన చోట ఆపి, రేజ్ (యాక్సిలరేటర్) అసలు ముట్టుకోకుండా, ఒట్టి క్లచ్ వదులుతూ బండిని పాకించమన్నారు. "కాలు మొత్తం లేపకమ్మా, మడమ నేలకి ఆనించి ముందు పాదంతో వదులు. ఇంజన్ గొంతు కాస్త బరువెక్కుతుంది చూడు, అక్కడ ఆగు." గొంతు బరువెక్కడం అన్న మాట భలే పనిచేసింది. ఇరవైసార్లు చేశాక చెవితోనే తెలిసిపోయింది. (ఎక్కువసేపు అక్కడే పెట్టి ఉంచితే ఏదో కాలుతున్న వాసన వస్తుంది. ఒకసారి వచ్చింది. అది ప్లేటు వాసనట.)

సరే, తొమ్మిదో రోజు. సీసా తీసుకుని మళ్ళీ కూర్చుని అడిగేశాను. "సార్, మీరు బ్రేకు తొక్కుతున్నారా?"

ఆయన నవ్వారు. "తొక్కకపోతే ఇద్దరం ఇక్కడ ఉంటామా అమ్మా?"

నవ్వు రాలేదు నాకు. ఆయన తప్పని అనను, ప్రమాదం తప్పించడానికే ఆ పెడళ్ళు. కానీ ప్రమాదం లేని చోట కూడా ఆయన కాలు నా పని చేసి పెడుతోంది, నాకు చెప్పకుండా. క్లాసు సాఫీగా సాగుతుంది, ఆయనకీ అలసట తక్కువ, నాకూ సంతోషం, నేర్చుకోవడం మాత్రం జరగదు. అప్పుడే ఒక మాట అడిగాను: ఇకనుంచి మీరు తొక్కిన ప్రతిసారీ "తొక్కా" అని పైకి చెప్పండి. ఆయనకి కొంచెం ఇబ్బందిగా అనిపించినట్టుంది కానీ ఒప్పుకున్నారు.

పదో రోజు నలభై నిమిషాల్లో ఇరవై మూడు సార్లు "తొక్కా" విన్నాను. లెక్కపెట్టాను. మర్నాడు పంతొమ్మిది. నేర్చుకునేవాళ్ళెవరైనా నన్ను అడిగితే ఈ ఒక్క పనీ మొదటి రోజే చెయ్యమంటాను. ఎందుకంటే ఆయన ఎక్కడెక్కడ తొక్కుతున్నారో గమనిస్తే నా తప్పులన్నీ వరసగా బయటపడ్డాయి.

అందులో సగం తప్పులు కాళ్ళవి కావు, కళ్ళవి. నేను బోనెట్ ముందు నాలుగడుగుల రోడ్డు చూస్తూ నడుపుతున్నాను. ఇంటికెళ్ళి కాగితం మీద లెక్క వేశాను: గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి సరిగ్గా 10 మీటర్లు. ఏదో అడ్డం వచ్చిందని నాకు తట్టి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికే ఒక సెకను పోతుంది, అంటే బ్రేకు పడకముందే పది మీటర్లు అయిపోయాయి. నేను చూస్తున్నదేమో బోనెట్ ముందు నాలుగడుగులు! పైగా వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక పట్టే దూరం నాలుగింతలు అవుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అదొక టెన్షన్. కానీ మర్నాటి నుంచి తల ఎత్తి దూరంగా చూడటం మొదలుపెట్టాను, విచిత్రంగా స్టీరింగ్ కూడా దానంతటదే సర్దుకుంది. అంతవరకూ బండి పాములా పోయేది.

రెండో తప్పు: భయం వేస్తే ముందు క్లచ్ తొక్కేస్తున్నాను. క్లచ్ తొక్కగానే ఇంజన్ చక్రాలని పట్టి ఉంచడం మానేస్తుంది, బండి తగ్గడానికి బదులు జారుతూ పోతుంది. "బ్రేకు ముందు, క్లచ్ చివర, ఆగబోయేముందు" అని సార్ ఎన్నిసార్లు అన్నారో. వినబడుతూనే ఉంది, కాలు వినడానికే వారం పట్టింది.

ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించడం గురించి ఎంత రాసినా తక్కువే. ఒకరోజు ఎత్తు మీద మా ముందు బండి ఆగింది, నేనూ ఆగాను, వెనక ఇంకో కారు వచ్చి అంటుకుని నిలబడింది. బ్రేకు మీంచి కాలు తీస్తే వెనక్కి జారుతోంది, క్లచ్ తొందరగా వదిలితే ఆఫ్ అవుతోంది, మూడుసార్లు ఆఫ్ అయింది, వెనకాయన హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు, నా అరచేతులు చెమటతో స్టీరింగ్ మీద జారుతున్నాయి. సార్ రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని కూర్చున్నారు, కావాలనే. "హ్యాండ్‌బ్రేక్ లాగు. ఇప్పుడు బండి ఎక్కడికీ పోదు, ఊపిరి తీసుకో. కొంచెం రేజ్ ఇవ్వు, క్లచ్ వదులు, గొంతు బరువెక్కిందా? ముందు భాగం కాస్త లేచిందా? ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించు." బండి అంగుళం కూడా వెనక్కి పోకుండా ముందుకి కదిలింది. చిన్నపిల్లలా అరిచాను.

రివర్సూ పార్కింగూ నాకు అంత కష్టం అనిపించలేదు. ముందు చక్రాలే తిరుగుతాయి కాబట్టి వెనక్కి వెళ్ళేటప్పుడు మన బండి ముక్కు అవతలి వైపుకి ఊగుతుందన్నది గుర్తుంటే చాలు. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది: "వెనక అద్దంలో ఆ స్టిక్కర్ గోడ మూలకి రాగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పు" అని గుర్తులు నేర్పారు. ఆ బండిలో బ్రహ్మాండంగా కుదిరాయి. వేరే కారు ఎక్కాక ఆ స్టిక్కరూ లేదు, ఆ అద్దమూ లేదు, జడ్జిమెంట్ మళ్ళీ మొదట్నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

టెస్ట్ మొదటిసారి పోయింది. ఎత్తు మీద కాదు, అది బాగానే చేశాను, లేన్ మారేటప్పుడు తల తిప్పి చూడకుండా అద్దం ఒక్కటే నమ్ముకున్నాను. అద్దంలో కనబడని మూల ఒకటుంటుంది, ఒక బైకు మొత్తం అందులో దాక్కోగలదు. రెండోసారి తల ఎంత తిప్పానంటే సాయంత్రం మెడ పట్టేసింది, లైసెన్సు మాత్రం వచ్చింది. అప్పటికి చివరి మూడు క్లాసుల్లో "తొక్కా" ఒక్కసారే వినబడింది, అదీ కుక్క అడ్డం వచ్చినప్పుడు.

తర్వాతి ఆదివారం అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. మొదటి మలుపులో ఎదురుగా లారీ. నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే పక్కన టక్కుమని చప్పుడైంది. అమ్మ కుడికాలు మ్యాట్ మీద బిగించి తొక్కి పట్టింది.

"అక్కడ ఏమీ లేదమ్మా" అన్నాను.

"నాకు తెలుసు. నువ్వు ముందు చూడు" అంది, కాలు తియ్యకుండానే.