సార్ పెట్టిన రెండు డ్రమ్ములు

బడి సంచికల మన చదువు చెప్పిన సార్ గురించి రాయాలె అని మన బ్యాచ్ గ్రూపుల అన్నప్పుడు అందరిది ఒక్కటే మాట, గ్రహణం గురించి రాయి అని. రాస్త, అది రాయకుంటే నాకే మనసున పట్టది. కానీ ఆ ఒక్క దినం కన్నా, సార్ ఏండ్లకేండ్లు రోజూ పొద్దున చేసిన పని ఇంకోటుంది, బడిల మనం తాగే నీళ్లు బాగుచేసుడు, దాన్ని మనం దాదాపు మర్చేపోయినం. ముఖ్యంగ దానికోసమే రాస్తున్న, కొంచెం పొడుగైతది, ఏమనుకోకున్రి.

ముందు గ్రహణం. 1980 ఫిబ్రవరి 16, శనివారం. నేను ఎనిమిదో తరగతి. సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక దిక్కు నుంచి వచ్చి మన నల్గొండ జిల్లా మీదికెళ్లి ఒరిస్సా దిక్కు పోయింది. రంగాపూర్ల ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీ ఉంది కదా, 48 అంగుళాల టెలిస్కోపు ఉన్నది, అది సుత ఆ దారిలనే ఉండె. వాళ్లు ఆడ చూస్తరు, మనం ఈడ చూస్తం, సూర్యుడు అందరికి ఒక్కడే కదరా అని సార్ వారం ముందు నుంచే చెప్తున్నరు. ఊర్లె మాత్రం తలుపులన్నీ మూసిన్రు, నీళ్ల కుండల మీద తొక్కు జాడీల మీద గరిక పెట్టిన్రు, మా నాయనమ్మ నన్ను గడప దాటనియ్య అని కూసున్నది. సార్ మా ఇంటికి సైకిల్ మీద వచ్చి వాకిట్ల నిలబడి, "అవ్వా, నా కొడుకును తీస్కపోతున్న, నీ మనవన్ని గూడ పంపు, ఏమన్నయితే ఇద్దరికైతది" అన్నరు. ఆ మాటకు నాయనమ్మ ఏమనలేకపోయింది. అట్ల ఇల్లిల్లు తిరిగితే వచ్చింది మొత్తం పదకొండు మందిమి.

ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు పెంకులు తెచ్చినోళ్ల దగ్గర అన్నీ గుంజుకున్నరు. ఒక అద్దానికి నల్ల కాగితం అతికించి మధ్యల చిటికెనవేలి గోరంత రంధ్రం చేసి, ఎండల పెట్టి, ఆ వెలుగు తీస్కపోయి చీకటి క్లాసు రూముల గోడ మీద పడేసిన్రు. గోడ మీద సూర్యుడు కొరికిన రొట్టె లెక్క. బయట యాపచెట్టు కింద చూస్తే నేలంత నెలవంకలే, ఆకుల సందులకెళ్లి పడ్డ ప్రతి వెలుగు చుక్క ఒక నెలవంక, నా చొక్కా మీద గూడ. మూడున్నర దాటినంక ఎండ రంగే మారింది, చల్లగైంది, కొంగలు చెరువు దిక్కెల్లి గుంపుగ మళ్లినయి, ఒక్కసారిగ చీకటి. అప్పుడు సార్ "ఇగ చూడున్రి, ఇప్పుడు చూడొచ్చు" అని గట్టిగ అరిచిన్రు. నల్లటి గుండ్రం చుట్టు తెల్లటి వెంట్రుకల లెక్క వెలుగు, పైన ఎత్తుల శుక్రుడు. రెండు మూడు నిమిషాలేనేమో. సార్ ఏడుస్తున్నరు. ఎందుకో అప్పుడు అర్థం కాలే, అడగబుద్ధి గూడ కాలే.

సోమవారం నాడు సార్ చంకల రోకలి పెట్టుకొని బడికి వచ్చిన్రు. గ్రహణం నాడు ఇండ్లల్ల తాంబాళంల నీళ్లు పోసి రోకలి నిలబెట్టిన్రు కదా, గ్రహణం పట్టుకు నిలబడ్డది అని ఊరంత అదే ముచ్చట. సార్ టేబుల్ మీద తాంబాళం పెట్టి, నీళ్లు పోసి, మెల్లగ ఇటు అటు సవరించి రోకలి నిలబెట్టిన్రు. నిలబడ్డది. "ఈరోజు ఏ గ్రహణంరా?" అన్నరు అంతే. ఊర్లోళ్లను ఒక్క మాట అనలే, అది నాకు బాగ గుర్తు.

ఇగ డ్రమ్ముల సంగతి.

మన దిక్కు నీళ్ల గురించి కొత్తగ చెప్పేదేముంది, మనందరి పండ్లే చెప్తయి. పండ్ల మీద గార, ముప్పై ఏండ్లకే నడుము వంగుడు, మెడ తిరగకపోవుడు, చిన్నపిల్లలకు కాళ్లు వంకర పోవుడు, ఇదంత శాపమని, తల్లి కోపమని అనేటోళ్లు. ఇది బండ నుంచి వస్తున్నది అని నేను మొదటిసారి విన్నది సార్ నోట్లెనే. మన కింద ఉన్నది గ్రానైటు, నీళ్లు బండ సందులల్ల ఎన్ని దినాలు ఉంటే అంత ఫ్లోరైడ్ అందుల కలుస్తది, బోరు ఎంత లోతుకు పోతే సాధారణంగ అంత ఎక్కువుంటది, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మనిషికి మంచిది కాదు అని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన్రు. కాచి తాగుతం సార్ అని ఒక పిల్ల అంటే, కాస్తే నీళ్లు ఆవిరైతయి ఫ్లోరైడ్ కాదు, ఇంక చిక్కగైతది అన్నరు. బడి బోరింగు నీళ్లు సీసాల పట్టి ఆయనే నల్గొండకు తీస్కపోయి పరీక్ష చేయించిన్రు, కాగితం తెచ్చి చదివితే ఆ హద్దుకు మూడింతల దగ్గర ఉన్నది. రోజూ మనం తాగేది అవే.

అప్పటికే నాగపూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తోని ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారు చేసిన్రు, దానికి పేరే నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు ప్రపంచంల పుస్తకాలకెక్కింది ఈ రోగంతోని, ఈ మందుతోని. సార్ సొంత జీతంల రెండు డ్రమ్ములు కొన్నరు. అడుగుకు నాలుగు వేళ్లంత పైన నల్లా పెట్టించిన్రు, అడుగున మడ్డి దిగినా గ్లాసులకు రావద్దని. బడి గంట తొమ్మిదిన్నరకైతే ఆయన ఎనిమిదింటికే ఉండేటోళ్లు. నీళ్లు నింపుడు, సున్నం వేసుడు, బ్లీచింగ్ వేసుడు, పటిక వేసి కట్టెతోని మెల్లగ కలుపుడు. అందుల్నే లెక్కల పాఠం గూడ, పటిక ఇంతుంటే సున్నం దాంట్ల ఇరవయ్యో వంతు, చెప్పు ఎంత?

కలిపేటప్పుడు సార్ లెక్క ఉర్దూల పెట్టేటోళ్లు. నిజాం జమానల చిన్న తరగతులు ఉర్దూ మీడియంల చదివిన్రు కదా, 1948 తర్వాతే తెలుగుకు మారింది, పాఠం తెలుగుల చెప్పినా లోపల లెక్క మాత్రం ఉర్దూలనే నడిచేది. సత్తావన్, అట్ఠావన్, ఉన్‌సఠ్... కలుపుడు పది నిమిషాలు, ఆపకుండ. తర్వాత గంట కదిలియ్యొద్దు. ముందు నీళ్లు పాల లెక్క తెల్లగైతయి, మెల్లమెల్లగ దూది పింజల్లాంటివి కిందికి దిగుతయి, పైన నీళ్లు అద్దం లెక్క అయితయి. ఆ మడ్డిని సార్ బాయికి దూరంగ గుంత తీసి పూడ్పించేటోళ్లు, మళ్ల నీళ్లల్ల కలవొద్దని.

పటిక పొడి పొట్లాలు ఆయన ఇంట్ల ఆదివారం నాడు కట్టేటోళ్లు, పాత పరీక్ష పేపర్లల్ల. ఒకనాడు నేను విప్పిన పొట్లం నా క్వార్టర్లీ పేపరే, ఎర్ర ఇంకుతోని 23 మార్కులు, పక్కకు "బొమ్మ బాగుంది" అని రాసి ఉంది. ఆ కాగితం నేను దాచుకున్న, ఇప్పటికీ పటిక వాసనే ఉన్నట్టు అనిపిస్తది.

మా తమ్మునికి అప్పటికే కాళ్లు వంకర పోయినయి. మా చెల్లె రెండేండ్ల పిల్ల. సార్‌కు తెలుసు. ఒక శనివారం నా చేతుల వారానికి సరిపోయే పొట్లాలు పెట్టి, "తమ్ముని కాళ్లు నేనేం చెయ్యలేను బిడ్డా. చెల్లెకు తాపున్రి. పెద్ద పండ్లు వచ్చేదాంక ఆపొద్దు" అన్నరు. అట్ల ఆరేండ్లు, నేను టెన్త్ అయిపోయి ఊరిడిసిన తర్వాత గూడ, పొట్లాలు మా ఇంటికి వస్తనే ఉన్నయి. రోజూ రాత్రి రెండు బిందెల నీళ్లు కలిపింది మా అమ్మ, ఆమె గురించి గూడ ఇక్కడ రాయాలె, పొలం పని చేసొచ్చి ఒక్క దినం తప్పలే.

ఊర్లల్ల సర్కారు పెట్టిన ఇట్లాంటి ప్లాంట్లు చానా మూలకు పడ్డయి. మందు తప్పు కాదు, రోజూ కొలిచి రోజూ కలిపి రోజూ మడ్డి తీసే మనిషి కావాలె. మన బడికి ఆ మనిషి దొరికిండు. ఆయన రిటైరైన ఏడాదికే డ్రమ్ములు ఖాళీగ బోర్లపడి ఉన్నయి అని విన్న, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపుల బాధ.

రిటైరైనంక గూడ సార్ చదువుడు ఆపలే. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంల ఎక్కువ పోతున్నదని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థోళ్లు పరిశోధనల చూపించిన్రని నేను ఫోన్ల చెప్తే, ఎంత సంబురపడ్డరో, "అయితే మన పచ్చిపులుసు ఊకెనే లేదురా" అన్నరు. మిషన్ భగీరథ నల్లా ఇంటి ముందుకు వచ్చిన దినం ఒక గ్లాసు పట్టి, ఎండకు ఎత్తి చానాసేపు చూసిన్రట, ఆ తర్వాతే తాగిన్రట.

సార్ చనిపోయే ముందు ఏడాది దసరాకు చెల్లెను తీస్కొని ఆయన దగ్గరికి పోయిన. చూపు ఆనుతలేదు, మంచంల కూసున్నరు. నన్ను గొంతు బట్టి గుర్తుపట్టిన్రు. చెల్లె వచ్చిందని చెప్తే దగ్గరికి పిలిచి, ముఖం వెలుతురు దిక్కు తిప్పి, "ఏదీ, నవ్వు బిడ్డా" అన్నరు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, చిన్నపిల్ల లెక్క నవ్వింది. సార్ కండ్లు చిన్నగ చేసి దగ్గరికి వంగి ఆ పండ్ల దిక్కే చూస్తున్నరు, పెదవులు కదులుతున్నయి. చెవి పెట్టి వింటే ఉర్దూల లెక్క పెడుతున్నరు.