తూకానికి పోయే కార్డులు

షార్జాలో నేను పనిచేసే గోదాములో పాత కంప్యూటర్ కార్డులకు, అంటే కంప్యూటర్ లోపల గుచ్చే సర్క్యూట్ పలకలకు, తూకమే ధర. అంచున ఉన్న బంగారు పూత కోసం వాటిని కత్తిరించి కిలోల లెక్కన అమ్ముతారు. అంత పలుచని పూత కోసం నలభై ఏళ్లు నిలిచిన కార్డును ముక్కలు చేయడం నాకు సమ్మతం కాదు. అందుకే కత్తిరించే బల్ల దగ్గరికి చేరేలోపు ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, అదేమిటో తేల్చుకుంటాను.

మొదట అంచు చూడాలి. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన ఎనిమిది బిట్ల ఐఎస్ఏ (కార్డును కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి) కార్డుకు రెండు వైపులా కలిపి 62 పట్టీలు ఉంటాయి. 1984లో ఐబీఎం తర్వాతి కంప్యూటర్ ఏటీ వచ్చాక దాని పక్కన 36 పట్టీల చిన్న ముక్క ఒకటి చేరింది. ఆ తర్వాత మూడో ముక్క కూడా కనిపిస్తే అది వెసా లోకల్ బస్ అనే మరో రకం. పట్టీలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటే చాలావరకు పీసీఐ అనే రకం.

తర్వాత కంప్యూటర్ వెనుక బయటికి కనిపించే రేకు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పదిహేను రంధ్రాలు మూడు వరుసల్లో ఉంటే వీజీఏ మానిటర్‌ది. అవే పదిహేను రెండు వరుసల్లో ఉంటే జాయ్‌స్టిక్‌ది కావచ్చు, కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపే పాత ఈథర్నెట్‌ది కావచ్చు. మరలకు బదులు పక్కకు జరిగే గొళ్లెం ఉంటే ఈథర్నెట్ అనుకోవచ్చు. ఆపై చిప్పులు. యమహా వైఎం3812 కనిపించిందంటే అది పాటలు పలికించే కార్డు. చిప్పు మీద 9327 అని ఉంటే సాధారణంగా 1993లో ఇరవై ఏడో వారం తయారైందని. చిప్పు మీద కాగితం అంటించి ఉంటే మాత్రం దయచేసి పీకకండి. దాని కింద గాజు కిటికీ ఉండవచ్చు. అతినీలలోహిత కాంతి తగిలితే లోపలి ప్రోగ్రాము చెరిగిపోతుంది.

ఈ పని ఎవరికి అవసరమని తోటివాళ్లు అడుగుతారు. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు పరీక్షించే షెడ్డు నడిపే మా బావమరిదికి అవసరమైంది. అతని యంత్రాన్ని నడిపేది పాత కంప్యూటరే. అందులోని కార్డు పాడైతే, యంత్రమే మార్చాలని బాగుచేయడానికి వచ్చినవాళ్లు చెప్పి వెళ్లారు. “బావా, దీని మీద పేరు కూడా లేదు, చూసి చెప్పు” అని రాత్రివేళ ఫొటోలు పంపాడు.

ఐఎస్ఏ అంచు, వెనుక 37 పిన్నుల కనెక్టరు, మధ్యలో 40 కాళ్ల చిప్పు. “చిప్పు మీద అంకెలు చదువు” అన్నాను. 8255. బయటి మీటలను, రిలేలను (విద్యుత్తుతో నడిచే స్విచ్‌లను) కంప్యూటర్‌కు కలిపే చిప్పు అది. ఇటు అటు సంకేతాలు పంపడానికి 24 దారులు ఇస్తుంది. “కార్డు మీది చిన్న స్విచ్‌లు ఏవి పైకి, ఏవి కిందికి ఉన్నాయో ఫొటో తీసి ఉంచు. కంప్యూటర్ కార్డును గుర్తుపట్టే చిరునామా వాటిలోనే ఉంది” అని చెప్పాను.

గోదాములో 8255 ఉన్న కార్డులు ఉన్నాయి. కానీ చిప్పు ఒకటైతే చాలదు. 37 పిన్నుల్లో ఏది దేనికన్నది తయారీదారును బట్టి మారుతుంది. రాగి దారులను ఫొటోలతో పోల్చి, సరిపోయిన దాన్ని పక్కన పెట్టి, యజమానికి తూకం ధర కట్టి, విజయవాడ వెళ్లే స్నేహితుడి చేతికిచ్చాను. స్విచ్‌లు పాత కార్డులో ఉన్నట్టే పెట్టాడు. యంత్రం తిరిగింది.

ఆటోనగర్‌లోనూ గుంటూరు మిల్లుల్లోనూ ఇలాంటి పాత కంప్యూటర్‌తో నడిచే యంత్రం మీకుంటే, అది బాగున్నప్పుడే మూత తీసి కార్డుకు రెండు వైపులా, స్విచ్‌లకు, జంపర్లకు (పిన్నులను కలిపే చిన్న తొడుగులకు) ఫొటోలు తీసి ఉంచండి. కాలిపోయిన చిప్పు మీద అంకెలు చదవడం చాలా కష్టం.