నాన్న గుండె ఈఎఫ్ ఒకచోట 32, ఇంకోచోట 44: ఎంఆర్ఐ దాకా మా అనుభవం

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో ఉండే మాలాంటి వాళ్లకి పెద్ద జబ్బు చేస్తే ఒక దారి బరంపురం, ఇంకో దారి శ్రీకాకుళం మీదుగా విశాఖ. నాన్నకి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక రెండు దారులూ తిరిగాం. బరంపురంలో తీసిన ఎకోలో, అంటే గుండెకి తీసే అల్ట్రాసౌండ్‌లో, ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) 32 శాతం అని రాశారు, కొద్ది రోజులకే శ్రీకాకుళంలో 44 అన్నారు. మధ్యలో మందులు మారలేదు, ఆయన ఆయాసమూ తగ్గలేదు. 35 లేదా అంతకన్నా తక్కువ ఉంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే యంత్రం ఛాతీలో పెట్టాల్సి రావచ్చని అప్పటికే చెప్పి ఉన్నారు కాబట్టి, ఏ అంకె నమ్మాలో తెలియక ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం.

ఈఎఫ్ అంటే ఎడమ జఠరిక, అంటే గుండెలో కింది ఎడమ గది, పూర్తిగా నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్కసారి ముడుచుకుంటే ఎంత శాతం బయటికి వెళ్తుందో ఆ లెక్క. నూటికి నూరు ఎవరికీ రాదు, మంచి గుండెకి కూడా సుమారు 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. మా చిన్నాన్న 44 చూసి "సగం కూడా పనిచెయ్యట్లేదేంట్రా" అని కంగారుపడ్డాడు, అంచేత ఇది ముందే చెప్తున్నా.

తేడా ఎక్కడుందో విశాఖలో కార్డియాలజిస్టు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటిది ఎం-మోడ్‌లో కొలిచారు. అందులో గుండెకి అడ్డంగా ఒకే ఒక గీత మీద గోడల కదలిక చూసి మొత్తం గదిని అంచనా వేస్తారు. నాన్నకి దెబ్బ తగిలింది సరిగ్గా ఆ గీత దాటే ముందువైపు గోడకే, కాబట్టి గుండె మొత్తం అలాగే ఉందన్నట్టు లెక్క తక్కువ వచ్చింది. రెండోది సింప్సన్ పద్ధతి. రెండు కోణాల్లో గది లోపలి అంచు గీసి, దాన్ని పలచని బిళ్లలుగా విడగొట్టి పరిమాణం కడతారు. ఇది మెరుగే. కాకపోతే నాన్న చాలా ఏళ్లు చుట్టలు కాల్చారు, గాలి నిండిన ఊపిరితిత్తులు అడ్డొస్తే అల్ట్రాసౌండ్ లోపలికి పోదు, గుండె కొన సరిగ్గా పడలేదు. దెబ్బతిన్న కొన లెక్కలోంచి జారిపోయింది గనక అంకె ఎక్కువ వచ్చింది. ఎవరూ అబద్ధం రాయలేదు, కొలిచిన తీరే వేరు.

అందుకని కార్డియాక్ ఎంఆర్ఐ రాశారు. మా రేషన్ కార్డు ఒడిశాది కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మాకు వర్తించదు, డబ్బు మేమే కట్టుకున్నాం. సరిహద్దులో ఉన్నవాళ్లు ఇది ముందే చూసుకుని బయల్దేరండి. స్టెంట్ ఉందని భయపడక్కర్లేదన్నారు, పేస్‌మేకర్ ఉంటే మాత్రం తప్పక చెప్పాలి. రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూశారు. అన్నిటికన్నా కష్టం మొలతాడుకున్న తాయెత్తు దగ్గర వచ్చింది. లోహం లోపలికి తేకూడదు, ఆయనేమో "మొలతాడు తియ్యకూడదురా" అని మొండికేశారు. చివరికి కొత్త నూలు మొలతాడు కట్టి, ఆ తర్వాతే పాతది విప్పాం.

లోపల గంట దాకా పట్టింది. ప్రతి బొమ్మకీ ఊపిరి వదిలి పది పదిహేను సెకన్లు బిగబట్టాలి, ఛాతీ మీద అంటించిన ఈసీజీ తీగలు గుండె కొట్టుకునే లయకి బొమ్మని జతచేస్తాయి. ఊపిరి వదిలాకే ఎందుకంటే, అప్పుడు గుండె ప్రతిసారీ దాదాపు ఒకే చోటికి వస్తుంది. ముందు రోజు రాత్రి ఇంట్లోనే సాధన చేయించాను, అది బాగా పనికొచ్చింది. టెక్నీషియన్ మైకులో "బాబుగారూ, ఊపిరి వదిలెయ్యండి, ఆపండి" అని తెలుగులోనే చెప్పేసరికి నాన్న కాస్త స్థిమితపడ్డారు.

ఎంఆర్ఐలో కొన నుంచి పైదాకా వరసగా అడ్డుకోతలు తీస్తారు, ఒక్కో కోత సాధారణంగా 8 మిల్లీమీటర్ల మందం. ప్రతి కోతలో లోపలి అంచు గీసి అన్నీ కలుపుతారు, గది ఆకారం ఇలా ఉంటుందని ఊహించాల్సిన పనిలేదు. నాన్నకి నిండినప్పుడు 160 మిల్లీలీటర్లు, ముడుచుకున్నాక 96 మిగిలాయి, అంటే 64 బయటికి వెళ్లాయి, ఈఎఫ్ 40. కుడి జఠరిక నెలవంకలా ఎడమదాన్ని చుట్టుకుని ఉంటుంది కాబట్టి దాన్ని ఎకోలో కొలవడం ఇంకా కష్టం, ఇందులో అదీ తేలింది, 52 వచ్చింది. రంగు మందు పట్టుకున్న మచ్చ ముందు గోడలో, కొనలో కనబడింది. నాకు అన్నిటికన్నా విలువైనది ఆ బొమ్మే, కండ ఎక్కడ చచ్చిపోయిందో, ఎక్కడ బతికుందో అందులో తెలుస్తుంది.

బంధువులు 32 నుంచి 40కి పెరిగిందని సంబరపడుతున్నారు. పెరగలేదు, సరిగ్గా కొలిచారు, అంతే. ఐసీడీ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు, అసలు గుండెపోటు వచ్చాక కనీసం 40 రోజులు ఆగి, మందులు బాగా వాడాకే దాని గురించి తేలుస్తారట. మూడు నెలల తర్వాత మళ్లీ ఎకో ఉంది. అది శ్రీకాకుళంలో అదే సెంటర్లో, సింప్సన్ పద్ధతిలోనే చెయ్యమని అడుగుతాం, ఎంఆర్ఐ సీడీ కూడా వెంట తీసుకెళ్తాం.