నల్ల రజను మీద రెండు చెట్లు

అగ్నిపర్వతం చూద్దామని బయల్దేరి, పూటంతా చెట్ల కింద మోకాళ్ల మీద గడిపాను. తప్పు నాది కాదు, అడవుల మీద పరిశోధన చేస్తున్న మా మేనల్లుడిది.

అమెరికాలోని అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు దాటి కాస్త ఉత్తరంగా వెళ్తే సన్‌సెట్ క్రేటర్. 1085 ప్రాంతంలో పేలిందట. ఇప్పటికీ చుట్టూ నల్లటి లావా రజనే. అడుగేస్తే కాలు దిగబడుతుంది. బూట్లు రెండుసార్లు విప్పి దులుపుకున్నాను. ఆ రజను మీద పిన్యాన్ పైన్ చెట్లు బతుకుతున్నాయి.

"ఈ రెంటినీ చూడు మామయ్యా."

ఒకటి నిటారుగా ఉంది. పక్కదేమో మేకలు మేసినట్టు పొట్టిగా, గుబురుగా. నేలా అదే, వానా అదే. తేడా పుట్టుకలో ఉందట. మొవ్వు తొలిచే పురుగొకటి ఏటా చిగుళ్లు తినేస్తుంది. దాన్ని తట్టుకునే గుణం కొన్ని చెట్లకు వంశంలోనే ఉంది, కొన్నిటికి లేదు. లేనివాటి మీద ఏళ్ల తరబడి పురుగుల్ని తీసేస్తూ వస్తే అవీ నిటారుగా ఎదిగాయట.

గుబురు చెట్టు కింద రాలిన సూదుల్లాంటి ఆకుల్ని గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరిచాడు. ముందు రోజు వాన పడింది, తడి ఇంకా ఉంది. భూతద్దంలో చూస్తే నువ్వుగింజ కన్నా చిన్న బూడిదరంగు పురుగు. సూదిమొనతో తాకబోతే టప్పున ఎగిరి కాగితం అవతల పడింది. స్ప్రింగ్‌టెయిల్. పొట్ట కింద మడిచిన తోకే దాని స్ప్రింగు. పక్కనే ఎర్రటి మైట్లు (నల్లుల్లాంటి బుల్లి జీవులు), తేలులా పటకార్లున్న బుల్లి పురుగు.

పురుగు తిన్న చెట్టు ఆకులోని నత్రజనిని పూర్తిగా వెనక్కి లాక్కోకముందే ఆ ఆకు రాలిపోవచ్చు. అలాంటి చెత్త మీద బూజు తొందరగా పడుతుంది, బూజును మేసేవి చేరతాయి. నాకైతే గుబురు చెట్టు కిందే సందడి ఎక్కువ అనిపించింది. "ఒక్క గుప్పెడు చూసి తేల్చేయకు," అని కసిరాడు.

విచిత్రమేమిటంటే, 2002 కరువులో పురుగును తట్టుకునే చెట్లే దాదాపు మూడింతలు ఎక్కువగా చచ్చిపోయాయి. ఈ గుబురు చెట్లు నిలిచాయి. వీటి వేళ్లను అంటుకుని ఉండే శిలీంధ్రాలు కూడా వేరేనట.

చెట్ల కింది చెత్త నింపిన సంచులకు, ఏ చెట్టుదో రాసి చీటీలు అంటించే పని నాది. రాత్రి గరాటులో చెత్త పోసి పైన బల్బు వెలిగిస్తే, వేడికీ పొడికీ తాళలేక పురుగులు కింది సీసాలోకి దిగుతాయి. నాలుగు సంచులూ అయ్యాయి. అయిదోదానికి చీటీ లేదు. ఏ చెట్టుదని అడిగాడు. నేను నసిగాను. వాడేం అనలేదు, ఆ సంచి తీసుకెళ్లి పెరట్లో దులిపేసి వచ్చాడు.