గాలి ఎటు నుంచి?

మే 12

నిన్న డొల్లు కర్తరి వెళ్ళి నిజ కర్తరి ప్రవేశించింది. పంచాంగం మాట వింటే ఈ నెల 28 దాకా నుయ్యి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు, ఇంటికి శంకుస్థాపన చేయకూడదు. ఈ ఎండలో అవన్నీ చేసే ఓపిక మాత్రం ఎవరికి ఉంది? ఆ నిషేధం పెట్టిన పెద్దలు శాస్త్రం కన్నా కూలివాళ్ళ మీద జాలితోనే పెట్టి ఉంటారని నా అనుమానం.

బడికి సెలవులు. అయినా అయిదింటికే మెలకువ వచ్చేసింది. ఆ వేళకే దిండు తడి. బయటికి వస్తే కొబ్బరి మట్ట ఒక్కటీ కదలడం లేదు. ఫోనులో రెండు కబుర్లు ఉన్నాయి. విపత్తుల నిర్వహణ సంస్థ వేసిన వడగాడ్పుల జాబితాలో మా మండలం పేరు ఉంది. దాని కిందే వాతావరణ కేంద్రం వారి సూచన: ఉత్తర కోస్తా, యానాంలలో ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో తేలికపాటి వర్షం, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు.

రెండూ మావయ్యగారికి చదివి వినిపించాను. వేపపుల్ల నోట్లోంచి తీసి నవ్వారు.

"ఎండా వాళ్ళే చెబుతారు, వానా వాళ్ళే చెబుతారు. ఏదో ఒకటి తగులుతుందిలే అమ్మా."

ఈ విషయంలో నాది వాతావరణ కేంద్రం పక్షం. మే నెలలో మధ్యాహ్నం ఎంత కాలితే సాయంత్రం మబ్బు అంత ఎత్తుకు లేస్తుంది. ఒకే రోజున వడగాడ్పూ ఉరుమూ రెండూ నిజం కావచ్చు. పైగా ఒకటి రెండు చోట్ల అన్న మాటకు వాళ్ళ దగ్గర లెక్క ఉంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే అలా అంటారు. సగం దాకా అయితే కొన్ని చోట్ల, ముప్పావు వంతు దాకా అయితే అనేక చోట్ల. ఇది చెబితే మావయ్యగారు, "ఆ నాలుగో వంతులో మన కళ్ళం ఉందో లేదో చెప్పమను" అన్నారు. అన్యాయమైన ప్రశ్నే. కానీ ధాన్యం రోడ్డు మీద ఉన్న మనిషికి కావలసిన ప్రశ్న అదొక్కటే.

యానాం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పుదుచ్చేరి పాలనలో ఉన్న ఆ ఊరు మన గోదావరి పాయల మధ్యనే ఉన్నా సూచనలో దాని పేరు విడిగా చదువుతారు. నా ఏడో తరగతి పిల్లవాడొకడు, "టీచర్, యానాంకి వేరే వాన పడుతుందా?" అని అడిగాడు. వాడికి ఈ డెల్టాలో మంచి భవిష్యత్తు ఉంది.

మాది కాలువ శివారు. నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా వస్తాయి, దాళ్వా (రెండో పంట వరి) కోతలూ అందరికన్నా ఆలస్యంగా అవుతాయి. పై ఊళ్ళవాళ్ళు డబ్బులు కూడా లెక్కపెట్టుకుని కూర్చున్నాక మేము రోడ్డు మీద ధాన్యం ఆరబెట్టుకుంటూ ఉంటాం. ఈసారి వేసింది మార్టేరు పరిశోధన స్థానం వారి 1121 రకం. కోత మిషన్ నుంచి వచ్చిన గింజ పచ్చిగా ఉంటుంది. మద్దతు ధరకు కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. నిన్న రైతు సేవా కేంద్రంలో మీటరు పెట్టి చూస్తే 19 వచ్చింది.

మావయ్యగారికి మీటరు అక్కర్లేదు. రాశిలో పైనుంచి కాకుండా మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి నాలుగు గింజలు తీస్తారు. ఒక్కొక్కటే ముందు పళ్ళ మధ్య పెట్టి కొరుకుతారు. పచ్చి గింజ నొక్కుకుపోతుంది, చప్పుడు ఉండదు. ఆరిన గింజ టక్కున రెండు ముక్కలవుతుంది. ఈ ఉదయం నాలుగింటిలో రెండు టక్కుమన్నాయి, ఒకటి మెత్తగా వెళ్ళింది, ఒకటి సందేహం. ఆ సందేహపు గింజను నాకిచ్చి కొరకమన్నారు. నా పళ్ళకు ఆ విద్య లేదు.

ఎండ మంచిదే కదా, ఇంకా కాయనీ అనుకుంటారు బయటివాళ్ళు. అది సగం నిజం. పడమటి గాలికి గింజ పైపైన గబగబా ఆరిపోయి లోపల పగుళ్ళు ఇస్తుంది. మరలో ఆడిస్తే నూక ఎక్కువ. దాళ్వా ధాన్యం పచ్చి బియ్యానికి పనికిరాక ఉప్పుడు బియ్యానికి పోయేది ఇందుకే. అందుకని నడి ఎండలో ధాన్యాన్ని పలుచగా పరచకుండా కాస్త మందంగా పోసి, గంటకోసారి కాళ్ళతో సాళ్ళు తీస్తూ నడుస్తారు. అరికాళ్ళ కింద తారు ఎలా ఉంటుందో నడిచినవాళ్ళకే తెలుసు. ఆడకూలీలు తెల్లవారుజామునే వచ్చి పదింటికల్లా వెళ్ళిపోతున్నారు. కొబ్బరి దింపు కార్మికులు తొమ్మిది దాటితే చెట్టెక్కేది లేదని చెప్పేశారు. నన్నడిగితే ఎండాకాలం సెలవులు బడికన్నా ముందు వీళ్ళకివ్వాలి.

పదకొండింటికి కదిలింది గాలి. పెరట్లో కొబ్బరి మట్టలన్నీ తూర్పుకు వాలాయి. అంటే గాలి పడమటిది. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు గానీ అందరం ఓసారి తలెత్తి చెట్ల వైపు చూశాం.

బడిలో ఏటా ఒక పాఠం చెబుతాను. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. నల్లబల్ల మీద సముద్రం గీసి, తీరం గీసి, నేల వైపు బాణం గుర్తు వేస్తాను. మామూలు రోజుల్లో ఆ బాణం నిజంగానే పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో మా ఊరు చేరుతుంది. సముద్రం మాకు స్కూటరు మీద గంట దూరం. కానీ మే నెలలో ఖమ్మం, భద్రాచలం వైపు నుంచి కాలిన గాలి బలంగా తోసుకొస్తే ఆ బాణం ఒడ్డు దాటదు. అలాంటి రోజున సముద్రం పక్కనే ఉన్న కాకినాడలోనూ 40 దాటుతుంది. మట్టలు మధ్యాహ్నానికల్లా పడమటికి తిరగకపోతే ఆ రోజు మీద ఆశ వదులుకోవాల్సిందే.

హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా అక్కడ 42, మీకు 36యే కదా, అదృష్టవంతులు అంటుంది. ఆమెతో వాదించడం మానేశాను గానీ ఇక్కడ రాసుకుంటాను. 36 డిగ్రీలకు 60 శాతం తేమ కలిస్తే ఒంటికి తెలిసే వేడి 47, 48 దాకా పోతుంది. చెమట పడుతుంది, ఆరదు. ఆరని చెమట వల్ల ఉపయోగం ఏముంది? వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 దాటితేనే వడగాడ్పు సంగతి ఆలోచిస్తుంది, తీరంలో 37కే మొదలుపెడుతుంది. రెండు చోట్లా మామూలు కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలన్న షరతు వేరే ఉందనుకోండి. ఆ మూడు డిగ్రీల తేడా మా చెమటకు ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు.

ఇవాళ మాత్రం అది ఉక్కపోత కాదు. ఫోను 41 చూపించింది, తేమ పడిపోయింది, తీగ మీద వేసిన తువాలు ఇంట్లోకి వెళ్ళి వచ్చేలోగా అప్పడంలా బిగుసుకుపోయింది. అత్తయ్యగారికి మాత్రం పండగ. డాబా మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టారు. రెండు రోజుల్లో ఆరాల్సినవి ఒక్క పూటలో చీర నుంచి విడివడుతున్నాయట.

"ఇలాంటి ఎండ మళ్ళీ రాదే అమ్మాయ్, మిరపకాయలు కూడా ఎండబోద్దాం" అన్నారు.

పడమటి గాలిని ఆత్రేయపురంలో మా వదిన కూడా కోరుకుంటోంది. వాళ్ళకు మామిడి తాండ్ర పని. చాపల మీద రసం పూసి, అది ఆరాక దాని మీద ఇంకో పూత, అలా పొర మీద పొర. మధ్యలో నాలుగు చినుకులు పడితే చాప చాపంతా పాడు. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువు చేస్తున్న మా మరిది గోల ఇంకొకటి. ఎండ అతనికి భరించదగ్గదే. మబ్బు పట్టి గాలి ఆగిపోయిన రాత్రి అతనికి నిద్ర ఉండదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి, జనరేటర్‌కు డీజిల్ ఉందో లేదో చూసుకోవాలి. ఇక కొబ్బరి రైతుకు ఒక మంచి వాన కావాలి. మట్టల అడుగున పట్టిన తెల్లదోమ పొడి ఎండలో పెరుగుతుంది, గట్టి వానకు కొట్టుకుపోతుంది. పైగా ఈ వేడికి పిందెలు రాలుతున్నాయి. ఒకే కుటుంబంలో ఇన్ని కోరికలు ఉంటే వరుణదేవుడు ఎవరి మాట వినాలి? రేడియోలో మంచి వాతావరణం అన్నప్పుడల్లా ఎవరికి అని అడగాలనిపిస్తుంది.

మధ్యాహ్నం కరెంటు లేదు. తాటాకు విసనకర్ర, ఉప్పు వేసిన మజ్జిగ, రెండు ముంజెలు. దాని గురించి ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

మూడున్నరకు మంచినీళ్ళ చెరువు దాకా వెళ్ళొచ్చాను. కాలువలకు నీళ్ళు ఆపేసే ముందు నింపిన నీళ్ళు ఇంకా సగం పైనే ఉన్నాయి. నెల ఆఖరు దాకా వస్తాయని కాలువ చూసుకునే లస్కరు అన్నాడు. పక్కనే కాలువ అడుగు నెరలు విచ్చి ఉంది. గుర్రపుడెక్క ఎండి గోధుమరంగు చాపలా పడి ఉంటే దాన్ని పక్కకు నెట్టి పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇంత ఎండలో! కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి 170 ఏళ్ళు దాటినా మా వేసవికి క్యాలెండరు ఈ కాలువే. కాలువకు నీళ్ళు ఆపిన రోజున వేసవి వస్తుంది, వదిలిన రోజున పోతుంది. రోహిణి కార్తెకు రోళ్ళు పగిలినా మేము ఎదురుచూసేది తొలకరి కన్నా ముందు ఆ లాకుల తలుపుల కోసమే. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకితే ఊరంతా సంబరపడింది. మావయ్యగారు మాత్రం, నారుమడికి నీళ్ళు మబ్బు ఇస్తుందా, కాలువ ఇస్తుందా అన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద పేపరులో బంగాళాఖాతం పటం చూస్తున్నారు. 1990 మే 9 తుపాను చూసిన మనిషి. మే నెలలో అల్పపీడనం అన్న మాట కనబడితే చాలు, అది ఎటు పోతుందో తేలేదాకా భోజనం సయించదు. అది మన మీదికి రాకపోయినా బాధే. 2023 మేలో మోచా తుపాను మయన్మార్ వైపు వెళ్ళిపోయింది. అలా ఈశాన్యానికి పోయే తుపాను ఇక్కడి తేమనంతా తన వైపు లాక్కుంటుంది, మనకు పడమటి గాలి మిగులుతుంది. ఇవాళ పటంలో సముద్రం ఖాళీగా ఉంది. విదర్భ నుంచి దక్షిణానికి ఒక ద్రోణి గీత మాత్రం ఉంది.

నాలుగున్నరకు గాలి ఒక్క క్షణం ఆగింది. తరవాత కొబ్బరి మట్టలు ఒకదాని వెనక ఒకటిగా పడమటికి తిరిగాయి. పైరగాలి! మెడ వెనక తడి తగిలింది. అత్తయ్యగారు మరచెంబు చేత్తో పట్టుకునే వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. పది నిమిషాలైనా ఆ సుఖం అనుభవించామో లేదో, వాయవ్యం మూల మబ్బు కనబడింది. కింద నల్లగా, పైన ఇంకా ఎండ తగులుతూ తెల్లగా. కాలిన గాలీ, తడిగాలీ ఎదురుపడే చోటే ఇలాంటిది లేస్తుంది. పిల్లలకు చెప్పే పాఠంలో ఈ బొమ్మ లేదు, ఈసారి నేనే గీస్తాను.

దామిని యాప్‌లో పిడుగుల చుక్కలు రావులపాలెం దాటి ఇటే వస్తున్నాయి. ఇక పరుగులు. మా ఆయన, పాలేరు, ఎదురింటి బాబాయిగారు, వాళ్ళ ఇద్దరబ్బాయిలు, నేను. ధాన్యాన్ని మధ్యకు లాగి రాశి చేసి, బరకాలు కప్పి, అంచుల మీద ఇటుకలూ, సిమెంటు దిమ్మలూ, చివరికి మా స్కూటరు కూడా పెట్టాం. నీళ్ళు అడుగు నుంచి పోకుండా రాశి చుట్టూ గడ్డి తాడు పేర్చారు మావయ్యగారు. అత్తయ్యగారు వడియాల చీరను అలాగే మడిచి లోపల వేశారు. సగం ముక్కలయ్యాయి, వాటిని నూనెలో వేస్తే ఏమీ తేడా ఉండదట.

దుమ్ము లేచింది. తాటిచెట్లు వంగాయి. రోడ్డు మీద ఎవరి బరకమో గాలికి లేచి కరెంటు స్తంభానికి చుట్టుకుంది. పెద్ద పెద్ద చినుకులు, వేలితో లెక్కపెట్టేటన్ని, బరకం మీద టపటపా పడ్డాయి. అంతే. మబ్బు మా నెత్తి మీదికి రాకుండా గౌతమి దాటి రామచంద్రపురం వైపు వెళ్ళిపోయింది. అరగంటకు ద్రాక్షారామం నుంచి మా అన్నయ్య ఫోను చేసి వీధిలో మడమల దాకా నీళ్ళని చెప్పాడు.

"చూశారా మావయ్యగారూ, ఒకటి రెండు చోట్ల అన్నారు, పడింది."

"పడింది మనకు కాదుగా" అన్నారాయన, కాస్త ఓడిపోయిన గొంతుతోనే.

రాత్రి ఏడున్నర. వాన పడని చోట మిగిలేది ఉక్క. గాలి మళ్ళీ స్తంభించింది. మరిది ఫోను చేసి ఏరియేటర్లు అన్నీ వేశానన్నాడు. మావయ్యగారు బరకం ఎత్తి మళ్ళీ అడుగు నుంచి నాలుగు గింజలు తీశారు. ఈసారి నాలుగూ టక్కుమన్నాయి. రేపు ఇంకో ఎండ తగలనిద్దామని ఆయన, రేపటి సూచనలో కూడా ఉరుములు ఉన్నాయి, తెల్లారేసరికి మీటరు పెట్టించి బస్తాలకెత్తేద్దామని నేను. మా ఆయన ఎవరి పక్షం మాట్లాడినా కష్టమేనని ఊరుకున్నారు. చివరికి అత్తయ్యగారు తేల్చారు, ఎత్తేయమని. లారీ ఉదయం ఏడింటికి వస్తుందట. గోతాలు మాత్రం తక్కువ పడ్డాయి. బాబాయిగారింట్లో పాతవి ఉన్నాయంటే మా ఆయన టార్చి లైటు తీసుకుని అటు వెళ్ళారు, నేను చిరిగినవి కుట్టడానికి దబ్బనం వెతుకుతున్నాను.