సివిలైజేషన్ 7 లాగ్: అశోకుడితో మౌర్య, చోళ, మొఘల్ రన్

సివిలైజేషన్ (సివ్) అంటే ఒక రాజ్యాన్ని ప్రాచీన కాలం నుంచి ఆధునిక కాలం దాకా నడిపించే, టర్నుల్లో ఆడే స్ట్రాటజీ వీడియో గేమ్, నేను సివ్ 4 నుంచి ఆడుతున్నా. 5లో హెక్సులు, అంటే ఆరు భుజాల గడులు పెట్టి, గడికి ఒకే మిలిటరీ యూనిట్ అన్నప్పుడు పాత ప్లేయర్లు చాలా గొడవ చేశారు, 6లో డిస్ట్రిక్టులు (ఊరి భాగాల్ని వేర్వేరు గడుల్లో కట్టడం) వచ్చినప్పుడూ అదే గొడవ, నాకు మాత్రం రెండూ నచ్చాయి. అందుకే 2025 ఫిబ్రవరిలో 7 వచ్చినప్పుడు మార్పులు చూసి బెదిరిపోలేదు. ఈ సిరీస్ సృష్టికర్త సిద్ మైయర్ పాత సూత్రం ఒకటుంది కదా, మూడో వంతు ఉన్నది ఉన్నట్టే, మూడో వంతు మెరుగుపరిచి, మూడో వంతు కొత్తగా అని. ఈసారి ఆ కొత్త వంతు తీసుకెళ్ళి ఆట గుండెకాయలోనే పెట్టారు, మనం పట్టుకున్న సివిలైజేషన్ చివరిదాకా మనతో ఉండదు, యాంటిక్విటీ, ఎక్స్‌ప్లొరేషన్, మోడర్న్ అని మూడు ఏజ్‌లు, ఏజ్ మారినప్పుడల్లా కొత్త సివ్ ఎంచుకోవాలి, లీడర్ ఒక్కడే మారడు.

ఈ రన్‌లో లీడర్ అశోకుడు, వరల్డ్ రినౌన్సర్ పర్సోనా (అదే లీడర్‌కి వేరే బలాలున్న రూపం). సిటీలో హ్యాపీనెస్ మిగిలేకొద్దీ ఫుడ్ పెరుగుతుంది కాబట్టి మొదటి నుంచీ హ్యాపీనెస్ మీదే పెట్టా. మౌర్యులతో మొదలుపెడితే ఇంకో లాభం, మిస్టిసిజం అనే సివిక్ రాగానే రెండో పాంథియన్ (మత నమ్మకంతో వచ్చే బోనస్) కూడా దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు గమనించాల్సింది ఏంటంటే పాత సివ్‌లలో గడుల్ని బాగుచేసే బిల్డర్లు ఇందులో లేరు, ఊరు పెరిగినప్పుడల్లా ఏ గడి వాడుకోవాలో మనమే చూపించాలి, రాజధాని తప్ప మిగతా ఊళ్ళన్నీ టౌన్‌గానే పుడతాయి, గోల్డ్ కట్టి సిటీగా మార్చుకోవచ్చు. అన్నీ మార్చేయకండి. నేను రెండే మార్చి మిగతావాటిని ఫార్మింగ్ టౌన్లుగా వదిలేశా, వాటి ఫుడ్ సిటీలకి వెళ్తుంది, రాజధాని బాగా పెరిగింది. సెటిల్మెంట్ లిమిట్ (ఉంచుకోగల ఊళ్ళ సంఖ్య) దాటితే హ్యాపీనెస్ పడిపోతుంది, అశోకుడితో ఆడేటప్పుడు అది డబుల్ నష్టం.

ఇక ఆర్మీ కమాండర్లు. ఈ ఒక్క విషయంలో పాత సివ్‌లకి వెనక్కి వెళ్ళలేను. నాలుగు యూనిట్లని కమాండర్‌లో ప్యాక్ చేసి ఒకే బొమ్మలా నడిపించుకుంటూ వెళ్ళి, శత్రువు ఊరి దగ్గర దింపొచ్చు. అనుభవం వచ్చేది కమాండర్‌కే, మామూలు యూనిట్లకి రాదు. అగస్టస్ అనే ఇంకో లీడర్ నాకు పొరుగువాడు, నది వంపులో గోడ కట్టుకుని కూర్చున్నాడు. పురభేత్తారః అని మౌర్యుల ఏనుగు యూనిట్ ఉంది, గోడలున్న డిస్ట్రిక్టుల మీద దాని దెబ్బ గట్టిగా పడుతుంది. వెనక విలుకాళ్ళని పెట్టి ముందు బయటి డిస్ట్రిక్టు తీసుకున్నా, ఎందుకంటే గోడలున్న ప్రతి డిస్ట్రిక్టూ పడితేనే ఊరు మనదవుతుంది. ఏనుగులు రెండో గోడ దగ్గరికి వచ్చాయి, ఇంకో రెండు మూడు టర్నులు చాలు, అప్పుడు ఏజ్ అయిపోయింది.

అంతే, యుద్ధం రద్దు. ఏనుగులు పోయాయి. రాజధాని తప్ప సిటీలు మళ్ళీ టౌన్లు అయిపోయాయి, కమాండర్లు, వాళ్ళ కింద పట్టినంత సైన్యం మాత్రం మిగిలింది. ఆట కోసమే ఇలా పెట్టారని తెలుసు, ముందున్నవాడు మరీ ముందుకెళ్ళిపోకుండా, చివర్లో బోర్ కొట్టకుండా. 6లో సగం ఆటకే గెలిచేశామని తెలిసి మానేసిన సేవ్‌లు నా దగ్గర బోలెడున్నాయి, కాబట్టి సమస్య నిజమే. కానీ నేను కట్టిన కథ మధ్యలో తెగిపోయింది, అది ఇంకా మింగుడు పడట్లేదు.

చరిత్ర పొరలు పొరలుగా ఏర్పడుతుంది అన్నది ఈ గేమ్ వెనకున్న ఆలోచన, అది నాకు చాలా ఇష్టం, మన దగ్గరే చూడండి, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కొడుకు, తల్లి చోళ రాజకుమారి, 1070లో వెళ్ళి చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. వేంగి రక్తం చోళుల్లోకి అలా వెళ్ళింది, పెళ్ళిళ్ళతో, వారసత్వంతో, మెల్లగా. గేమ్‌లో మాత్రం ప్రపంచంలో అందరూ ఒకే లోడింగ్ స్క్రీన్ దగ్గర మారిపోతారు. మార్పు వద్దనట్లేదు, అది నా ఆటలోంచి పుట్టాలి అంటున్నా.

చోళులుగా మాత్రం ఎక్స్‌ప్లొరేషన్ భలే గడిచింది. షిప్‌బిల్డింగ్ టెక్ రాకముందు ఓడల్ని నడి సముద్రంలోకి పంపితే దెబ్బతింటాయి, అందుకే ఆ టెక్ ముందు తెచ్చుకున్నా. ట్రెజర్ ఫ్లీట్లు (దూరదేశపు సరుకు తెచ్చే ఓడలు) కావాలంటే దూరదేశంలో స్పైసెస్, షుగర్ లాంటివి ఉన్నచోట తీరం మీద ఊరు పెట్టి, ఆ గడి వాడుకుని, ఫిషింగ్ కీ (చేపల రేవు) కట్టాలి, అప్పుడు కొన్ని టర్నులకోసారి ఓడ వస్తుంది, దాన్ని మన ఖండానికి తెచ్చి దింపితే పాయింట్లు. మొత్తం 30 కావాలి. దారిలో కలం అనే చోళుల ప్రత్యేక ఓడల్ని కాపలా పెట్టా. తీరం వెంట ఓడలు వరసగా ఇంటికి వస్తుంటే సిరీస్ మొత్తంలో సముద్రం ఇంత పనికొచ్చింది ఇప్పుడే అనిపించింది. పెద్ద నదుల్లోకి కూడా ఓడలు వెళ్తాయి, ఇది ఎప్పుడో రావాల్సింది.

ఇప్పుడు మోడర్న్‌లో ఉన్నా, మొఘలులు. గోల్డ్ బాగా ఎక్కువ వస్తుంది, మిగతావన్నీ తగ్గుతాయి, కాబట్టి కట్టకుండా కొనుక్కుంటున్నా. ఎకనామిక్ విక్టరీకి రైల్ స్టేషన్లు, ఫ్యాక్టరీలు పెట్టి 500 పాయింట్లు తెచ్చుకోవాలి, ఒక ఊళ్ళో ఫ్యాక్టరీకి ఒకే రకం రిసోర్స్ పెట్టగలం కాబట్టి ముందే పంచుకోండి, నేను టీ మొత్తం రాజధానిలోనే పెట్టా. స్పీడ్ బాగానే ఉంది కానీ ఈ ఏజ్‌లో సివ్ మారిందన్న ఫీలింగ్ తక్కువ, రైలు పట్టాలు లెక్కపెట్టుకోవడమే ఎక్కువ.

రిలీజ్‌లో లేని వన్ మోర్ టర్న్ (ఆట ముగిశాక కూడా కొనసాగించే వీలు) తర్వాతి అప్‌డేట్‌లో వచ్చింది, ఏజ్ మారినప్పుడు సైన్యం ఉన్నచోటే ఉండేలా కంటిన్యుటీ అనే సెట్టింగ్ కూడా వచ్చింది. ఒకే సివ్‌తో చివరిదాకా ఆడే పద్ధతి మీద పని చేస్తున్నామని గేమ్ తయారుచేసిన ఫిరాక్సిస్ వాళ్ళే చెప్పారు, దానికోసం ఆశగా చూస్తున్నా. ఈ లోపు తర్వాతి రన్ కంటిన్యుటీ ఆన్, ఏజ్ లెంగ్త్ లాంగ్, క్రైసిస్ (ఏజ్ చివర్లో వచ్చే కష్టాలు) ఆఫ్, మళ్ళీ మౌర్యులే, మళ్ళీ అగస్టస్ పక్కన ఉంటే ఈసారి గోడ దగ్గరికి ముందే బయల్దేరతా.